మాటల్లేకుండా బిగించిన పొగగొట్టం

మా గిరెసున్ కొండల్లో చలికంటే ముందు తేమ దిగుతుంది. గోడలు చెమరుస్తాయి, పరుపులు చెమ్మెక్కుతాయి. హేజల్‌నట్ కోతలయ్యాక మిగిలిన పెంకులే మాకు వంటచెరకు. తేమ దిగిన వారంలోనే ప్రతి ఇంట్లో మొగుడూ పెళ్ళాం కలిసి గది వెచ్చబడేందుకు ఇనప పొయ్యి, దాని పొగగొట్టాలు బిగిస్తారు, అంటే పోట్లాడుకుంటారన్నమాట.

పక్కింటి రాసిమన్న మంచివాడే గానీ మొండిఘటం. గొట్టాల సన్నమూతి కిందికి ఉండాలని మా ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు. తిరగేస్తే లోపల ఊరే నల్లటి తారు అతుకుల్లోంచి బయటికి కారుతుంది. ఈయన నిరుడు తిరగేసే పెట్టాడు. నజ్మియే వదినకి వాళ్ళమ్మ నేసిచ్చిన తివాచీ కాస్తా నాశనమైంది. పైగా "పాత గుడ్డకి ఇంత రాద్ధాంతమా?" అన్నాడు. అంతే, వదిన మాటలు మానేసింది. ఆయన తగ్గితేగా!

ఈసారి వదిన చలికాలానికి చెల్లెలింటికి పోతానని మూట కట్టేసింది.

"ముందు ఆయనే నాతో నోరు విప్పాడా, సరే, ఉంటాను. లేదంటే మధ్యాహ్నం బస్సుకే పోతా. పొయ్యి మాత్రం పెట్టి పోతాను, లేకపోతే దగ్గి దగ్గి చస్తాడు," అంది నాతో.

గొట్టాలు బిగించడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. మధ్యలో నా ఖర్మ.

"హాజెర్, ఇంకాస్త పైకెత్తమని చెప్పు ఆవిడకి," అన్నాడు కుర్చీ ఎక్కిన రాసిమన్న.

"ఎత్తే ఉంది, కళ్ళు కనిపించట్లేదా అని అడుగు," అంది కింద గొట్టం పట్టుకున్న వదిన.

"సన్నమూతి కిందికే పెట్టానని చెప్పు."

"మహా ఘనకార్యం! దండ వెయ్యాలా అని అడుగు."

"నేనేమన్నా టెలిఫోన్ తీగనా? మీరూ మీరూ ఏడవండి!" అని అరిచాను.

అప్పుడే కింద రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. వదిన తల అటు తిప్పింది. రాసిమన్న ముఖం పాలిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క మాటంటే ఈయన సొమ్మేం పోయింది!

ఆ కంగారులో ఆయన చెయ్యి జారింది. పై గొట్టం ఊడింది. దాన్ని దులపనే లేదని అప్పుడు తెలిసింది మాకు.

"నజ్మియే! కళ్ళు మూసుకో!" అని అరిచాడు రాసిమన్న.

నిరుటి మసంతా ఆవిడ నెత్తిన దిగింది. వదిన కళ్ళు గట్టిగా మూసుకుని కదలకుండా నిలబడింది. ఆ నల్లటి మొహంలో తెల్లగా పళ్ళు మెరిశాయి, నవ్వుతోంది. బస్సు మళ్ళీ హారన్ కొట్టింది.

"కళ్ళు మూసుకుని బస్సెలా ఎక్కమంటావయ్యా?" అంది. "నీళ్ళు పట్రా."