రెండు దెబ్బల గొట్టం

బెంగాల్లోని టికియాపారాలో పట్టాల పక్కన ఇల్లంటే నిద్ర మీద ఆశ వదులుకోవలసిందే. శ్రీకాకుళం నుంచి కొత్త పెళ్లికూతురుగా వచ్చిన కాసులమ్మకి మొదట్లో రైలు వెళ్తే గుండె అదిరేది. తర్వాత్తర్వాత రైలు రాకపోతే మెలకువ వచ్చేది. ఇంటికీ పట్టాలకీ మధ్య అడ్డం ఇనప గొట్టాల కంచె ఒక్కటే. బొగ్గింజన్లు మూలపడ్డాక వాటి బాయిలరు లోపలి పొగగొట్టాలు పీకి, ముక్కలు కోసి, రైల్వేవాళ్లు లైను పొడుగునా పాతేశారు. ఇవి ఇంజను పేగులే అని నవ్వేవాడు పోలిరాజు, ఆమె పెనిమిటి.

అతను కీమ్యాన్. సుత్తి భుజాన వేసుకుని, పట్టాల చీలలు వదులైన చోట బిగిస్తూ రోజూ నడిచేవాడు. తిరుగుదారిలో తమ ఇంటి ఎదుటి గొట్టం మీద టంగు టంగుమని రెండు దెబ్బలు కొట్టేవాడు. అంటే, ప్రాణాలతో తిరిగొచ్చాను, ఎసరు పెట్టమని. సామాను అప్పగించి ఇంటికి చేరేసరికి అన్నం ఉడికేది. ఆ ఇళ్ల వరసలోని తెలుగు ఆడవాళ్లందరికీ అదే గడియారం. ఎవరి గొట్టం మోత వారికి తెలుసు.

ఆ వరస ఇప్పుడు ఖాళీ. కొందరు ఊరెళ్లిపోయారు, కొందరు పైకెళ్లిపోయారు. పోలిరాజు రిటైరై ఏడాది తిరక్కుండానే పోయాడు. కూతురు సత్యవేణి నది అవతల గార్డెన్ రీచ్‌లో ఉంటుంది, పండక్కో పబ్బానికో వస్తుంది. మిగతా రోజుల్లో కాసులమ్మకి పలకరించే దిక్కు లేదు. పాపం, వచ్చేపోయే పిల్లులతోనే తెలుగు మాట్లాడుకుంటుంది.

మొన్న చలికాలంలో ఒక ఉదయం టంగు టంగుమని వినబడింది. తమ గొట్టమే. ఆమె లేచింది, ఎసరు పెట్టి ఇద్దరికి సరిపడా బియ్యం కడిగింది. అప్పుడు మూడో దెబ్బ పడింది. వెంటనే నాలుగోది. కడిగిన బియ్యం గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

బయటికెళ్లి చూస్తే కూలీలు గొట్టాలని సమ్మెటలతో కొట్టి, వదులు చేసి పీకుతున్నారు. కంచె బదులు సిమెంటు గోడ వస్తుందట. తమ గొట్టం అప్పటికే కాస్త కదిలింది. కాసులమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుంది. మేస్త్రీ బెంగాలీవాడు, మంచివాడే. ఇది సర్కారు ఇనుము మాసీ, వదలమని నెమ్మదిగానే చెప్పాడు. ఇన్నేళ్లు చేపల బజారులో బేరాలాడిన బెంగాలీ ఆమెకి ఒక్క ముక్క నోట రాలేదు.

"మా ఆయన దీన్ని కొడితే నాను ఎసరెట్టీదాన్ని బాబూ. ఒగ్గీండి" అంది.

మేస్త్రీకి మాట అర్థం కాకపోయినా ఆ చేతులు అర్థమయ్యాయి. పైవాళ్లకి ఏదో చెప్పుకుంటాలే అని కూలీలని ముందుకు పంపేశాడు.

వారం తిరక్కుండా గోడ లేచింది, ఆమె తలకంటే ఎత్తుగా. గొట్టం ఇవతల, పట్టాలు అవతల. గొట్టం దక్కిందన్న సంతోషం తీరకముందే ఆమెకి తట్టింది: దాన్ని కొట్టే చెయ్యి ఎప్పుడూ అవతలి నుంచే వచ్చేదని. ఆ పూట గోడకి ఆనుకుని ఏడ్చింది.

ఇన్నేళ్లలో తను దాన్ని ఒక్కసారీ కొట్టి ఎరగదు. ఇంట్లో ఆడది కొడితే అపశకునమని వరసలోని పెద్దావిడలు భయపెట్టేవారు. ఇప్పుడు భయపెట్టేవాళ్లూ లేరు, భయపడాల్సిందీ లేదు. పొద్దెక్కాక పొత్రం పట్టుకుని బయటికొస్తుంది. రెండు దెబ్బలు కొడుతుంది. లోపలికెళ్లి ఒక్కరికే ఎసరు పెట్టుకుంటుంది.