పిండి మిల్లులో పైలట్ హెడ్‌సెట్

మా ఇంట్లో ఎవరం మాట్లాడుకోం, అరుచుకుంటాం. ఈ హిందీ ఊళ్లో, స్టీల్ ప్లాంటు వాళ్ల సెక్టర్ 7లో మా క్వార్టర్ ముందు నుంచి వెళ్లే కొత్తవాళ్లు లోపల ఏదో ఆస్తి తగాదా నడుస్తోందనుకుంటారు. తీరా చూస్తే మా అమ్మ నాన్నని టీలో పంచదార సరిపోయిందా అని అడుగుతూ ఉంటుంది. నాన్న ముప్ఫై నాలుగేళ్లు ప్లాంటు రోలింగ్ మిల్లులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. వస్తూ వస్తూ చెవుల్ని అక్కడే వదిలేసి వచ్చారు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, పైకి అనడానికి మాత్రం ఎవరికీ ధైర్యం లేదు. పిలిచినా పలక్కపోతే "నాన్న ఏదో ఆలోచనలో ఉన్నారు" అంటాం. ఆ లెక్కన ఆయన ఇరవై ఏళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నారు.

ఎందుకంత భయం అంటే, ఆయన దృష్టిలో ఫిట్టరంటే చెవి. మోటరు బేరింగు పాడవుతోందని అనుమానం వస్తే స్క్రూడ్రైవరు మొన మోటరు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవారు. "ఇంక మూడు రోజులే" అంటే సరిగ్గా మూడో రోజున అది పోయేదట. మిల్లులో అందరూ ఆయన్ని డాక్టర్ సాబ్ అని పిలిచేవాళ్లు. అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి మీకు వినపడదు అనడం నా వల్ల కాలేదు.

నేను అదే ప్లాంటులో ఇంజనీర్ని. నలభై దాటాక నాకు విమానం నడపాలని బుద్ధి పుట్టింది. ఆదివారాలు ఊరి బయట నందిని గనుల దగ్గరున్న చిన్న రన్‌వేకి వెళ్లి, పడుతూ లేస్తూ నేర్చుకుని, మొత్తానికి ప్రైవేట్ పైలట్ లైసెన్సు సంపాదించాను. లైసెన్సు చేతికొస్తే పక్క సీట్లో మనకి కావలసిన మనిషిని కూర్చోబెట్టుకోవచ్చు. నాకు కావలసిన మనిషి ఒక్కరే. ఆయనేమో ఎక్కనంటే ఎక్కనన్నారు.

"సెవులు మూసుకుని బండి తోలేవోళ్ల పక్కన నాను కూకోను," అన్నారు నాన్న.

అదీ ఆయన అభ్యంతరం. ఎత్తంటే భయం లేదు, నా డ్రైవింగంటే భయం లేదు (ఉండాలి నిజానికి, నా స్కూటరు ఎక్కినవాళ్లనడగండి). పైలట్లు పెట్టుకునే హెడ్‌సెట్ ఇంజన్ రొదని ఆపేస్తుందని నోరు జారి చెప్పాను. అంతే. ఇంజన్ మాట వినకుండా ఇంజన్ నడిపే మనిషి ఆయన లెక్కలో మనిషే కాదు.

అదే సమయంలో నాకు సొంత హెడ్‌సెట్ కొనుక్కోవలసిన అవసరం వచ్చింది. అప్పటిదాకా ఫ్లయింగ్ క్లబ్బువాళ్ల హెడ్‌సెట్ వాడేదాన్ని. దాని మెత్తలు చిరిగిపోయి, పదిమంది చెమట తాగి, పెట్టుకుంటే ఇనుముని పట్టి బిగించే బెంచి వైసుని తలకి బిగించుకున్నట్టుండేది. మా ఇన్‌స్ట్రక్టరు ఒక వారం వాడి చూడమని మూడు రకాలు తెచ్చి ఇచ్చాడు. మొదటిది బ్యాటరీ లేనిది, ఉత్తి మెత్తలతోనే చప్పుడు ఆపుతుంది. రెండోది చెవిలో దూర్చుకునేది, ఈకంత తేలిక. మూడోది చెవుల మీద పెద్ద చిప్పలున్నది, బ్యాటరీతో రొదని కొట్టేస్తుంది, కొంచెం బరువు. దానికి, పక్కవాళ్ల మైకులోంచి వచ్చే మాటల సౌండు ఏ చెవికి ఆ చెవికి విడిగా పెంచుకునేలా రెండు బటన్లున్నాయి. "అవి ఎవరూ వాడరు, పట్టించుకోకండి," అన్నాడు ఇన్‌స్ట్రక్టరు. ఏదైనా పది నిమిషాలు బాగానే ఉంటుందనీ, రెండు గంటలు పెట్టుకుంటేనే అసలు రంగు బయటపడుతుందనీ, కళ్లజోడుతో కూడా చూసుకోమనీ చెప్పాడు.

సరే, ఇంట్లో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాను. చిప్పలున్న హెడ్‌సెట్‌కి నా దిద్దులు అడ్డొచ్చాయి. తీసేశాను. అమ్మ చూసింది.

"ఓలమ్మో! బోసి సెవులతో తిరుగుతున్నావేటే? ఎవులైనా సూస్తే ఏటనుకుంటారు?"

"ఆకాశంలో ఎవరు చూస్తారమ్మా?"

"పైన దేముడు లేడేటి?"

అమ్మ ఓటు చెవిలో దూర్చుకునేదానికి పడింది, దిద్దులు తియ్యక్కర్లేదు కాబట్టి. నా మనసు కూడా దాని మీదే ఉంది. కళ్లజోడుని నొక్కదు, జుట్టు చెదరదు, అసలు పెట్టుకున్నట్టే ఉండదు.

ఆ రెండు గంటల పరీక్షలో నాకో జ్ఞానోదయం అయింది. వేసవి కదా, హాల్లో కూలరు గుడగుడలాడుతోంది, వంటింట్లో మిక్సీ తిరుగుతోంది, పైన ఫ్యాను. మూడోదాని స్విచ్ నొక్కగానే కూలరు మాయం, ఫ్యాను మాయం, మిక్సీ కూడా ఎక్కడో పక్క సెక్టర్‌లో తిరుగుతున్నట్టయింది. మిగిలింది మా అమ్మ గొంతు ఒక్కటే. పగలంతా కూలరు హోరులో కలిసిపోయే ఆ గొంతు అక్షరం అక్షరం విడివిడిగా, "కూరగాయలు బేగి తెమ్మంటే ఇనిపించుకోదు, ఇమానాలట ఇమానాలు" అంటూ చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. ఈ బ్యాటరీ హెడ్‌సెట్లు ఒకే తీరుగా వచ్చే రొదని తీసేస్తాయి గానీ మనిషి గొంతుని తియ్యవు. ఆ ముక్క నాకు కొనేముందే తెలియడం మంచిదైంది.

ఇదే విషయం నాన్నకి చెప్పాను. చెప్పడమంటే అరిచి చెప్పాననుకోండి. రొద తీసేస్తే తేడా చప్పుడు ఇంకా బాగా తెలుస్తుందన్నాను.

నాన్న నవ్వారు. "అలాగేటి? అయితే ఎల్దాం పద. మిషన్ల మద్దిలో పెట్టుకో. ఏది మూలుగుతోందో సెప్పు. సెప్పగలిగితే నీ ఇమానం ఎక్కుతాను. మాటంటే మాటే."

ఆ మాట కోసమే కదా నేను కాచుకున్నది! హెడ్‌సెట్లు మూడూ సంచిలో వేసుకుని బయల్దేరాను. ఎక్కడికి తీసుకెళ్తారో అనుకుంటే, పక్కనున్న క్యాంప్ 2 పేటలో మా గోధుమలు ఆడించే పిండి మిల్లుకి తీసుకెళ్లారు. గోధుమలకొకటి, శనగలకొకటి, కారానికొకటి, మూడు మోటర్లు వరసగా ఉంటాయి. మిల్లు యజమాని నాన్నని చాచా అని పిలుస్తాడు. మోటర్లు ఎప్పుడు మొరాయించినా నాన్నే వెళ్లి సరిచేసేవారు. నేను సంచిలోంచి హెడ్‌సెట్లు తీసేసరికి పిండికి వచ్చిన ఆడవాళ్లు డబ్బాలు కింద పెట్టి మరీ చూస్తున్నారు.

"దీదీ, షూటింగ్ చల్ రహీ హై క్యా?" అని అడిగిందొకావిడ. సినిమా తీస్తున్నారా అని.

తల ఊపాను. ఒప్పుకుంటేనే సులువు.

బ్యాటరీ లేనిది పెట్టుకుంటే అన్ని చప్పుళ్లూ కలిసి దుప్పటి కప్పుకున్నాయి. ఏదీ తెలియలేదు. చెవిలో దూర్చుకునేది పెట్టుకుని కారం మిల్లు దగ్గరికి రాగానే తుమ్మొచ్చింది, తుమ్ముతో పాటు అది ఊడి పిండిలో పడింది. తుడిచి, ఇన్‌స్ట్రక్టరుకి మనసులోనే క్షమాపణ చెప్పుకుని, మూడోది పెట్టుకున్నాను. స్విచ్ నొక్కాను. హోరంతా ఒక్కసారి దిగిపోయింది. అడుగున సన్నగా ఒక కీచు మిగిలింది. మూడు మోటర్ల ముందూ తల పెట్టి విన్నాను. అనుమానం లేదు.

"మధ్యది!" అని అరిచాను.

నాన్న చప్పట్లు కొట్టారు. "తప్పు! మూడూ బంగారంలా ఉన్నాయి. పోయినారమే ఇని సూసినాను. నిన్ను బోల్తా కొట్టించినాను కదేటి పాపా!"

నిజం చెప్పాలంటే నాకు మండింది. అంత స్పష్టంగా విన్నాను కదా. ఈలోగా మిల్లు యజమాని పిండి చేతులు దులుపుకుంటూ అడ్డొచ్చాడు. నాన్నకి వినపడాలని గట్టిగానే చెప్పాడు. మధ్య మోటరు పది రోజులుగా కీచుమంటోందనీ, వాళ్లావిడ తలనొప్పని గొడవ చేస్తోందనీ, సోమవారం మెకానిక్కు వస్తున్నాడనీ.

"చాచా, దీదీ సహీ బోల్ రహీ హై," అన్నాడు, నేను చెప్పిందే నిజమని.

నాన్న అతని బల్ల మీంచి స్క్రూడ్రైవరు తీసుకున్నారు. మోటరు మీద ఆనించి కుడి చెవికి పెట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు. కాసేపయ్యాక ఎడమ చెవికి మార్చారు. మళ్లీ కుడికి, ఎడమది మరీ మొండికేసినట్టుంది. నాకు హెడ్‌సెట్ లేకుండానే ఇప్పుడా కీచు వినిపిస్తోంది, ఒకసారి పట్టుబడిన చప్పుడు కదా. ఆయన ముఖం మాత్రం మారలేదు. స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేసి, "అవును, ఉంది," అన్నారు. ఆయన అబద్ధమాడడం నేను చూడ్డం అదే మొదటిసారి.

గెలిచాను. గెలిచినందుకు నన్ను నేను తిట్టుకుంటూ స్కూటరు నడిపాను. ఇంటికొచ్చాక, అన్నం వడ్డిస్తూ అమ్మ ఎంత అరిచినా నాన్నది తల ఊపడమే. "ఏటయినాదే మీ నాన్నకి?" అని అమ్మ నన్ను వంటింట్లోకి లాగి గుసగుసగా అడిగింది. మా అమ్మకి గుసగుస వచ్చునని నాకు ఆ రోజే తెలిసింది. ఆ వారమంతా మా ఇంట్లోంచి చప్పుడు రాకపోతే, ఊరెళ్లామేమోనని పక్క క్వార్టరువాళ్లు గోడ మీంచి తొంగి చూశారు. ఆయన మళ్లీ అరిస్తే బాగుండునని నాకు ఏడుపొచ్చింది.

బుధవారం ఇన్‌స్ట్రక్టరుకి ఫోన్ చేశాను. బరువైనదే కొంటానన్నాను.

"మీకు తేలికదే నచ్చిందన్నారుగా?"

"ఆ రెండు బటన్లూ, ఒక చెవికి తక్కువా ఇంకో చెవికి బాగా ఎక్కువా పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు. కానీ అలా ఎవరు వాడతారు?"

"మా ఇంట్లో ఒకరున్నారు," అన్నాను. నాన్న చెవుల మాట నా నోట బయటివాళ్ల ముందు రావడం అదే మొదలు.

ఆదివారం పొద్దున్న నేను పిలవకుండానే నాన్న తయారైపోయి వరండాలో కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా, కాళ్లకి ప్లాంటు సేఫ్టీ బూట్లు. మాటంటే మాటే కదా. విమానంలో పక్క సీటులో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, కొత్త హెడ్‌సెట్ ఆయనకే పెట్టాను. క్లబ్బు బెంచి వైసు నా తలకి బిగించుకున్నాను. కుడి చెవికి సగం దాకా, ఎడమ చెవికి పూర్తిగా సౌండు పెంచి, ఇంట్లో మాట్లాడినట్టే, "నాన్నా! వినపడుతోందా!" అన్నాను.

నాన్న సీట్లోంచి ఎగిరిపడ్డారు.

"ఎందుకే అలా అరుస్తావు? సెవులు పగిలిపోతన్నాయి!"

ఇరవై ఏళ్లలో ఆయన నన్ను అరవొద్దనడం ఇదే మొదటిసారి. నేను నవ్వాపుకోలేక చెక్‌లిస్టు రెండుసార్లు మొదటి నుంచి చదవాల్సి వచ్చింది. ఇంజన్ స్టార్ట్ చేశాను. ఆయన డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి దాని అదురు చూసుకున్నారు, బానే ఉందన్నట్టు తలాడించారు.

పైకి లేచాం. నందిని సున్నపురాయి గనులు తెల్లగా కింద పడున్నాయి, దూరంగా ప్లాంటు పొగగొట్టాలు. నాన్న చాలాసేపు అటే చూశారు. తర్వాత మైకు పెదవుల దగ్గరికి జరుపుకుని మాట్లాడారు. అంత చిన్న గొంతు ఆయనకుందని నాకు తెలియదు.

"మిల్లులో ఆ మోటరు నాకు ఇనపడలేదు పాపా."

నేను చేతులు కంట్రోల్ మీదే ఉంచాను.

"అదొక్కటే కాదు. సానా ఏళ్లయిపోయింది. ఎవులికీ సెప్పలేదు."

"తెలుసు నాన్నా," అన్నాను. మిగతా ఇళ్లలో జనం మాట్లాడుకుంటారే, అంత మెల్లగా అన్నాను.

"ఊ," అన్నారు.

మళ్లీ చెప్పమని అడగలేదు.