సెకన్ల ముల్లు లేని వాచీ

ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ నిమిషం సిస్టరే. ముప్పై ఒక్క ఏళ్లలో ఏ రోగి నాడి పట్టినా నిండా నిమిషం లెక్కపెట్టనిదే చెయ్యి వదలలేదు. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేసేవాళ్లంటే ఆవిడకు ఒళ్లుమంట. వేలికి క్లిప్పు తగిలించి, తెరమీది అంకె రాసుకుని పోయేవాళ్లంటే ఇంకా మంట. "గుండెకు ఎక్కాలు రావమ్మా" అని కొత్త నర్సులను దులిపేసేది. వాళ్లు చాటుకు వెళ్లి నవ్వుకునేవారు. నవ్వుకోనీ, ఆవిడకేం?

ఎడమ చేతికి ప్లాస్టిక్ పట్టీ వాచీ. డయలు ఎప్పుడూ మణికట్టు లోపలివైపుకే. రోగి చెయ్యి పట్టుకుంటే ఎర్రటి సెకన్ల ముల్లు కళ్లెదురుగా ఉండాలి, అంతే. దాని ఖరీదుకు ఒక జత రబ్బరు చెప్పులు కూడా రావు.

ఆ నిమిషానికే చిక్కాడు టైల్స్ షాపాయన. చీలమండ బెణికిందని కుంటుకుంటూ వచ్చాడు. తెరమీద డెబ్భై రెండు, అంతా భేషుగ్గా ఉంది. సిస్టర్ మాత్రం చెయ్యి పట్టుకుంది. నలభయ్యో సెకను దగ్గర నాడి తప్పింది. పరీక్షలు చేస్తే గుండె నడకలో లోపం తేలింది. రక్తం గడ్డకట్టి మెదడుకు పోవచ్చనీ, రోజూ మాత్ర వేసుకోవాలనీ, నెలనెలా వచ్చి చూపించుకోవాలనీ డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఆరు నెలలు గడిచాయి. చివరి మూడు నెలలూ మనిషి రాలేదు. మనిషికి బదులు డ్రైవరు చేత ఒక పెట్టె వచ్చింది. పెట్టెలో వాచీ, తోలు పట్టీ, బంగారు డయలు, సన్నగా రేకులా ఉంది. పక్కన చీటీ: 'ఆ నిమిషానికి, కృతజ్ఞతలతో.'

"మాత్రలు వేసుకుంటున్నారా మీ అయ్యగారు?" అని అడిగింది సిస్టర్.

డ్రైవరు తల గోక్కున్నాడు. "బాగానే ఉన్నాను కదా అని మానేశారండి."

ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్లను ఆవిడ చాలామందినే చూసింది. తగలేసే ముందు తెప్పకు పూలదండ వేసినవాణ్ణి ఇప్పుడే చూడటం.

ఇంటికెళ్లాక భర్త, రిటైరైన బస్సు కండక్టరు, ఫోనులో ధర వెతికి కుర్చీలో జారగిలబడ్డాడు. "మన ఇల్లు కట్టడానికి కూడా ఇంత కాలేదే."

సిస్టర్ అద్దం ముందు నిలబడి వాచీ పెట్టుకుని చెయ్యి అటూ ఇటూ తిప్పుకుంది. అబద్ధమెందుకు, ముచ్చటేసింది. ఆ చేతికి అంత అందం ఉందని ఆవిడకే తెలీదు. తర్వాత అలవాటుకొద్దీ భర్త మణికట్టు పట్టుకుని వాచీ వైపు చూసింది. ముళ్లు రెండే ఉన్నాయి.

"దీనికి సెకన్ల ముల్లేది?"

"అంత పెట్టి కొన్నాక సెకన్లెవడు చూస్తాడే?" అన్నాడాయన.

ఆవిడ వాచీ తీసి పెట్టెలో పెట్టేసింది. వెనక్కిచ్చేయడం ఎంతసేపు? ఆ మనిషిని ఆసుపత్రికి లాక్కురావాలి, అదీ అసలు పని. ఇక పట్టుకుంటే ఉడుంపట్టే.

మర్నాడు సెలవు పెట్టి, ఆ పెట్టె పట్టుకుని షాపుకు వెళ్లింది. గోడలకు ఆనించిన టైల్స్ మధ్యనుంచి, తెల్లటి దుమ్ములోంచి నడిచి అద్దాల గదిలోకి దూరింది.

"నచ్చలేదా సిస్టర్? రంగు మార్పించమంటారా?" అన్నాడాయన నిమ్మకు నీరెత్తినట్టు.

"ఇంత ధర ఎందుకో చెప్పండి ముందు."

ఆయన ముఖం వెలిగింది. "ఒక్కో పళ్లచక్రం చేత్తో అరగదీస్తారండీ. బ్యాటరీ లేదు. నూరేళ్లయినా నడుస్తుంది." గొంతు తగ్గించాడు. "ఇరవయ్యేళ్లప్పుడు టైల్స్ మోసేవాణ్ణి. ఒక్కొక్కడు గంటలకొద్దీ గుమ్మం బయట నిలబెట్టేవాడు. ఇలాంటిది చేతికుంటే ఎవడూ నిలబెట్టడు."

ఆ మాటకు సిస్టర్ నవ్వలేకపోయింది. దానికి ధర కట్టడం తనవల్ల కాదు.

"సరే, తగిన ధరే అనుకుందాం. అది నూరేళ్లు నడుస్తుంది. మరి మీరు?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

"అయితే పందెం. ఈ వాచీ చూసి మీ నాడి నిండా నిమిషం లెక్కపెట్టండి. సరిగ్గా కొట్టుకుంటే వాచీ నేనుంచుకుంటాను, మీ జోలికి రాను. తప్పితే నాతో రావాలి."

పందెమంటే వెనక్కి తగ్గే మనిషి కాదు. సరేనని చెయ్యి చాపాడు.

"ముందు మీ చేతిది తీయండి. నాడి మీదే కూర్చుంది."

ఆయన తన వాచీ విప్పి, మణికట్టు మీద వేళ్లు ఆనించి, బంగారు డయలు వైపు చూశాడు. అలా చూస్తూనే ఉన్నాడు.

"ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?"

సిస్టర్ తన ప్లాస్టిక్ వాచీ ఆయన ముక్కు కింద పెట్టింది. "ఇక్కణ్ణుంచి. పైకి లెక్కపెట్టండి."

ఒకటి, రెండు, మూడు. ఇరవై దాటింది. ముప్పై దాటింది. ఆయన మీసాల కింద నవ్వు మొదలైంది.

"ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది..."

ముప్పై తొమ్మిదికి నోరు తెరిచాడు. వేళ్ల కింద ఏమీ రాలేదు. ఎర్రముల్లు ఒక గీత దాటింది, ఇంకో గీత దాటింది. తర్వాత రెండు దెబ్బలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఆయన తలెత్తి చూశాడు.

"ఆపకండి. నిమిషం కాలేదు."

మిగతాది సన్నటి గొంతుతో లెక్కపెట్టాడు. ఇంకో రెండుసార్లు తప్పింది. నిజానికి ఆ నిమిషంసేపూ సిస్టర్‌కీ గుండెలు పీచుపీచుమంటూనే ఉన్నాయి. పాడు నాడి ఈ ఒక్కసారికి సరిగ్గా కొట్టుకుంటే పందెం పోయేది, మనిషీ పోయేవాడు.

"భయమేస్తోంది సిస్టర్" అన్నాడాయన.

"వెయ్యాలి. పదండి."

ఆ రెండు ఖరీదైన వాచీలూ బీరువాలో పెట్టి తాళం వేయించింది. కారెక్కారు. కొంతదూరం పోయాక ఆయన తన మణికట్టు మీద వేళ్లు పెట్టుకున్నాడు.

"మీ చెయ్యి కాస్త ఇటు తిప్పండి. మళ్లీ లెక్కపెడతాను."

సిస్టర్ చెయ్యి తిప్పి ఎర్రముల్లు ఆయనకు కనబడేలా పట్టుకుంది. "నిండా నిమిషం" అంది.