ఇంటివాళ్ళు చెప్పిన బరువు

బరువును అంచనా వేయడం మీద మా మేనకోడలు పరిశోధన చేస్తోంది. సంతలో మేకను చంకల కింద పట్టి ఎత్తి బేరమాడేవాళ్ళు, టైర్లు అణిగిన తీరు చూసి లారీ లోడు చెప్పేవాళ్ళు, లేవలేని రోగికి మందు మోతాదు కట్టే డాక్టర్లు, వీళ్ళలో ఎవరు ఎంత తప్పుతారన్నది ఆమె చదువు. కోవిల్‌పట్టి మిల్లులో పత్తి బేళ్ళు తూచి రిటైరైనవాణ్ణి కనుక నన్నూ ప్రశ్నలడగడానికి వచ్చింది. ఆమె మా ఇంట్లో ఉండగానే నా భార్య కాలు వాచి, అడుగు తీసి అడుగు వేయలేకపోయింది.

విరుదునగర్‌లో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. కాలి నరంలో రక్తం గడ్డకట్టిందన్నారు. రక్తాన్ని పలచబరిచే సూది వెయ్యాలి, మోతాదు మనిషి బరువును బట్టి, ఎక్కువైతే లోపల రక్తం కారుతుంది. ఇంత వివరంగా చెప్పిన డాక్టరు, స్ట్రెచర్ మీద దుప్పటి కప్పుకున్న మనిషిని ఒక్కసారి చూసి, "బరువెంత?" అని తమిళంలో అడిగాడు.

నా భార్య అక్క, మా వదిన, ముందుకు వచ్చి "అరవై" అంది. అతను రాసుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "అరవయ్యా? ఎవర్ని చూసి చెప్పినావు వదినా?"

"ఊరుకో మరిదీ. నలుగురి ముందర ఏం మాట అది?"

మా ఇళ్ళలో ఆడమనిషి చిక్కిపోయిందని బయట చెప్పరు. చెబితే ఆ ఇంట్లో కూడు సరిగ్గా పెట్టలేదని అర్థం. పుట్టింటివాళ్ళు చూడవస్తే దళసరి చీర కట్టించి కూర్చోబెట్టే మనుషులం మేము.

తూచమని డాక్టరుతో అన్నాను. నిలబడలేరు కదా, ఇంటివాళ్ళు చెప్పారు, చాలన్నాడు. మేనకోడలు నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన చెప్పేది తప్పు కాదు మామా. డాక్టరు కంటి అంచనా కంటే ఇంటోళ్ళ మాటే మేలని మా చదువులో ఉండాది."

"ఎవరింటోళ్ళు? ఆ చదువు రాసినోళ్ళు మీ పెద్దత్తను అడిగినారా?"

నర్సు సిరంజి తీస్తోంది. కాటా వసారా చివర ఉంది. దాని మీద సెలైన్ పెట్టెలు పేర్చారు. అరుస్తూనే ఒక్కొక్కటీ దించాను. మిల్లులో తూచకుండా ఒక్క బేలు గడప దాటలేదు, ఇక్కడ మనిషికి నోటిమాట చాలింది! మేనకోడలు అత్తను చేతుల మీద ఎత్తుకుని కాటా ఎక్కింది. తరువాత తానొక్కతే ఎక్కింది. తీసివేస్తే నలభై ఒకటి.

డాక్టరు అరవై కొట్టేసి నలభై ఒకటి రాశాడు, మోతాదు మార్చమన్నాడు. క్షమించమని ఒక్క మాట లేదు. పక్క స్ట్రెచర్ మీద కారియాపట్టి రైతు ఉన్నాడు. అతని కొడుకుని డాక్టరు అడుగుతున్నాడు: "బరువెంత?" ఆ రోజు నా డైరీలో ఈ ముక్క రాసిన చోట పెన్ను కాగితాన్ని చించింది.

సూది పడ్డాక వదిన మీదికి తిరిగాను. "పరువు కోసం చెల్లెల్ని చంపి ఉందువు!"

"అక్కను అనొద్దండి," అంది నా భార్య. "కారులో నేనే చెప్పినా, అడిగితే అరవై అనమని."

"ఏమిటికి?"

"నలభై అంటే ఊరోళ్ళు మిమ్మల్నే దా తిట్టేది."

"తిట్టనీ! నీ ప్రాణం కంటేనా?" అని ఆమె మీదే అరిచాను. నర్సు నన్ను బయటికి పొమ్మంది.

వసారాలో మేనకోడలు మెల్లగా అడిగింది, ఇది తన పరిశోధనలో రాయవచ్చా అని.

"రాయి. ఇంటోళ్ళు ఏమిటికి అబద్ధం చెప్పేదో అదీ రాయి. నా పెళ్ళాం ఎంత చిక్కిపోయి ఉండాదో అదీ రాయి."

"అత్త ఒప్పుకోదు మామా."

"దానితో నేను కొట్లాడుకుంటాను," అని మళ్ళీ లోపలికి పోయాను.