ఫోన్ల వరస

పాసయ్యాను! డిగ్రీ వచ్చేసింది! మా ఇంట్లో కాలేజీ చదువు పూర్తిచేసిన మొదటి మనిషిని నేనే. అందరికీ చెబుదామని ఫోను తీయగానే ఇర్వింగ్‌లో నేను తోడుగా ఉన్న మామ్మగారు గుర్తొచ్చారు.

ఆవిడ కూతురూ అల్లుడూ ఆఫీసుకి వెళ్తే, నాకు క్లాసులు లేని రోజుల్లో ఆవిడ దగ్గర కూర్చోవడం నా పని. పనంటే ఏముంది, కాఫీ, కబుర్లు, ఇండియాకి ఫోన్లు. ఫోన్ కార్డు మీది నంబర్లు ఆవిడ కళ్ళకి ఆనేవి కావు. నేనే నొక్కి ఇచ్చేదాన్ని. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది మాత్రం ఆవిడే చెప్పేవారు.

మనవరాలికి పెళ్ళి కుదిరిన రోజున హడావిడిలో ఆవిడ పెద్దాడపడుచుని వదిలేసి చిన్నావిడకి కలిపేశాను. తర్వాత పెద్దావిడకి చేస్తే ఆ గొంతు గదంతా వినిపించింది.

"చిన్నదానికి తెలిశాకనా నాకు చెప్పడం? నేనింకా బతికే ఉన్నానే!"

మామ్మగారు ఫోను పెట్టేసి పకపకా నవ్వారు.

"కొంప ముంచావే పిల్లా! ఇక పెళ్ళి దాకా అలుగుతుంది."

"సారీ మామ్మగారూ. నా డిగ్రీ వస్తే మొదటి ఫోను మీకే, సరేనా?"

"ముందు ఆ లెక్కల పరీక్ష గట్టెక్కు. మొదటిది మీ అమ్మకి చెయ్యి. నన్ను చివర పెట్టుకో. చివరివాళ్ళతో అయితే తీరిగ్గా మాట్లాడుకోవచ్చు."

ఇప్పుడావిడ ఆష్‌బర్న్‌లో కొడుకు దగ్గరున్నారు.

అమ్మకి చెప్పేశాను, ఏడ్చేసింది. ఇంకా నాన్నమ్మ, పెద్దనాన్న, పెద్దత్త, ఆ తర్వాతే చిన్నత్త, బాబాయి. అందరూ అయ్యాక, కాఫీ కలుపుకుని కూర్చుని, మామ్మగారు.