ఎవరూ అడగని ఊరు

పోయిన వారం మా ఇంట్లో టీవీలో అసెంబ్లీ సమావేశం వస్తున్నప్పుడు, పటాన్‌చెరు నుంచి నన్ను చూడవచ్చిన మా మేనకోడలు చాప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, మధ్యలో తలెత్తి నన్నొక మాట అడిగింది. సభలో ఎప్పటిలాగే గందరగోళంగా ఉంది, ప్రశ్నోత్తరాల సమయం అయిపోయిందనీ మిగిలిన జవాబులు సభ ముందు పెట్టినట్టే భావించాలనీ చెప్పి అధ్యక్షులవారు ముందుకు సాగిపోయారు. వినేవాళ్లకు అదొక తంతుగానీ, నాకు మాత్రం ఆ మాట చెవిన పడితే ఇంత వయసులోనూ చేతిలో పని ఆగిపోతుంది. ఆమె ఏం అడిగిందో, ఆ పూట నాకు అన్నం ఎందుకు సహించలేదో చెప్పాలంటే డెబ్బైల మొదట్లోని సంగారెడ్డి దాకా మీరు నాతో రావాలి.

అప్పట్లో నేను సంగారెడ్డిలో, బడుల వ్యవహారాలు చూసే ఒక ఆఫీసులో కుర్ర గుమాస్తాను. ఆ రోజుల్లో సర్కారు కొలువు చేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆఫీసులో ప్రతి కాగితానికీ దాని నడక దానికి ఉండేది, ఎవరు వచ్చి బతిమాలినా అది పరుగెత్తేది కాదు. ఒక్క అసెంబ్లీ ప్రశ్నకు మాత్రం రెక్కలుండేవి. హైదరాబాదు నుంచి ఫోను రాగానే మా సూపరింటెండెంటుగారు తింటున్న టిఫిను డబ్బాకు మూత పెట్టేసేవారు. ఫోను లైను సరిగా ఉండదు కాబట్టి అటువైపు వాళ్లు ప్రశ్నను అరిచి చదివేవారు, ఇటు మేము అరిచి మళ్లీ చెప్పి రాసుకునేవాళ్లం, వరండాలో బెంచీ మీద కూర్చున్న పంతుళ్లందరికీ ఏ ఊరి గురించి ఎవరు అడిగారో మాకంటే ముందే తెలిసిపోయేది.

ఆ ప్రశ్నలకు ఒక అచ్చు ఉండేది. ఫలానా సంగతి నిజమేనా, నిజమైతే కారణమేమిటి, సరిచేయడానికి ప్రభుత్వం ఏం చర్య తీసుకుంటున్నది అని మూడు ముక్కలుగా వచ్చేది. మా నేర్పంతా మొదటి ముక్కలోనే ఉండేది. దానికి ‘లేదండి’ అని రాయగలిగితే మిగిలిన రెండు ముక్కలకూ ‘ఉత్పన్నం కాదు’, అంటే ఆ ప్రశ్నకు తావే లేదని రాసి చేతులు దులుపుకోవచ్చు. అయితే అబద్ధం రాయకూడదు, రాస్తే మంత్రిగారి మెడకు చుట్టుకుంటుంది. కాబట్టి జవాబు సభకు చేరేలోగా ఎలాగోలా ఆ పని జరిపించి, అప్పుడు ధైర్యంగా ‘లేదండి’ అని రాసేవారు. ఎన్నో ఊళ్లకు బావులు, గదులు, పంతుళ్లు అలా ప్రశ్న భయానికే దక్కారు, ఆ మాట నేను కాదనను.

కొత్తలో నాకు ఇదంతా నవ్వులాటగా ఉండేది. ఎమ్మెల్యేలకు ఏమీ తెలియక మమ్మల్ని అడుగుతున్నారనుకుని ఒకసారి వేళాకోళమాడాను. సూపరింటెండెంటుగారు కళ్లద్దాలు తీసి నా వంక చూశారు.

“అడిగేటాయనకు జవాబు ఎర్క లేదనుకోకు. ఎర్కనే. మన నోటితోని చెప్పించాలె, గందుకే అడుగుతడు.”

ఆ మాట నాకు అప్పుడు తలకెక్కలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్న కాలం అది. లక్డారం వైపు ఒక ఊళ్లో కూలీనాలీ కుటుంబాలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి దిగడంతో బడి నిండిపోయింది, ఉన్న పంతులు బదిలీ మీద వెళ్లిపోతే ఏడాది దాటినా కొత్తవాడు రాలేదు. ఆ వైపు ఎమ్మెల్యే గట్టి మనిషి, ఊరివాళ్లు వెళ్లి మొరపెట్టుకోగానే రాతపూర్వకంగా ప్రశ్న వేసేశారు. ఆ బడిలో పంతులు లేడన్నది నిజమేనా? ముమ్మాటికీ నిజం. కొత్త నియామకాలు జరగాలంటే నెలలు పడుతుంది, జవాబుకేమో వారం కూడా గడువు లేదు. ఆఫీసంతా తల పట్టుకుని కూర్చుంటే, దారి నేను చెప్పాను.

వెలిమెల అవతల మా అక్కను ఇచ్చిన ఊరు ఉంది, దాని పేరు రాయడం నాకిష్టం లేదు. అక్కడ ఒకే పంతులున్న బడి. ఆయనను తాత్కాలికంగా లక్డారం వైపు ఊరికి పంపితే సరిపోతుందన్నాను. ఆయన కాపురం పటాన్‌చెరులోనే, కొత్త చోటు ఆయనకూ దగ్గరే అని కారణం కూడా చూపించాను. అది పైకి చెప్పిన కారణం. లోపలిది వేరు. ఇంకే ఊరి పంతులును కదిలించినా సర్పంచి పదిమందిని వెంటేసుకుని ఆఫీసు మీదికి వస్తాడు, ఈ ఊరి నుంచి ఎవరూ రారు. అక్కడ ఉన్నవాళ్లు మా వాళ్లే, నోరు లేనివాళ్లు, ఎమ్మెల్యే గడప ఏనాడూ తొక్కనివాళ్లు. వస్తే మా బావ వస్తాడు, వచ్చినా నా దగ్గరికే వస్తాడు, నేను సర్ది చెప్పుకోగలను. నా వాళ్లు కాబట్టి వాళ్లనే ఎంచుకున్నాను. ఇది తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండు రోజుల్లో ఉత్తర్వు వెళ్లింది, పంతులు వెళ్లి చేరాడు, నేనే నా చేత్తో ‘లేదండి, ఉపాధ్యాయుడు పనిచేయుచున్నాడు’ అని చిత్తు రాశాను. సూపరింటెండెంటుగారు చాయ్, ఉస్మానియా బిస్కట్లు తెప్పించి అందరి ముందూ నా భుజం తట్టారు. అడిగిన ఎమ్మెల్యే కూడా సంతోషించారట, ఒక్క ప్రశ్నతో పంతులును తెప్పించానని ఊళ్లో చెప్పుకున్నారట, అందులో అబద్ధమేమీ లేదు. ఆ పంతులు ఎక్కడి నుంచి వచ్చాడని ప్రశ్నలో లేదు, మేమూ చెప్పలేదు.

ఆ తరువాత కొన్నాళ్లకే అక్క సంగారెడ్డి వచ్చింది, కూతురిని వెంటబెట్టుకుని. ఆ పిల్ల అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్నది, బస్టాండు నుంచి నడిచి వస్తుంటే కనిపించిన బోర్డునల్లా ఆగి ఒక్కొక్క అక్షరం పట్టుకుని లాగుతూ చదివేది, చదవడం వచ్చినప్పుడల్లా మొహం ఎత్తి మా ఇద్దరినీ చూసేది. ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టాను. అక్క చేయి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ మెల్లగా అడిగింది.

“తమ్మీ, మా సారు ఏడికి పోయిండురా?”

ఏదో కొన్నాళ్లు వేరే ఊరికి వేశారక్కా, దసరాకల్లా వచ్చేస్తాడు అన్నాను. ఎవరు వేశారో చెప్పలేదు. ఏ ఊరికో చెప్పలేదు. అక్క మా ఇంట్లో వాళ్ల క్షేమం అడిగి లేచింది. బజారులో పిల్లకు ఒక పలక, బలపాల డబ్బా కొనిచ్చి బస్సెక్కించాను.

దసరా వచ్చింది, వెళ్లింది, పంతులు రాలేదు. వెనక్కి పిలిపిస్తే లక్డారం వైపు బడి మళ్లీ ఖాళీ, మళ్లీ ప్రశ్న, ఇచ్చిన జవాబు తప్పైపోతుంది. అలా తాత్కాలికమన్నది అక్కడే పాతుకుపోయింది. అక్క ఊరివాళ్లు కూడా తమ ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లి ఒక్క ప్రశ్న వేయించుకుంటే చాలు, ఆ కిటుకు నాకంటే బాగా తెలిసినవాడెవరు? బావకు ఒక్క ముక్క చెవిన వేస్తే సరిపోయేది. వేయలేదు. ఆ ప్రశ్న వస్తే నా బల్ల మీదికే వస్తుంది, అక్కడి పంతులును తీసేశారన్నది నిజమేనా అని వస్తుంది, దానికి ‘లేదండి’ అని రాసే దారి నాకు దొరకదు. ఆ ఏడాదంతా ఫోను మోగితే ఉలిక్కిపడేవాణ్ణి. వాళ్లు అడగలేదు, నేను బతికిపోయాననుకున్నాను.

ఆ ఊరికి మళ్లీ పంతులు వచ్చేసరికి ఏళ్లు దొర్లాయి. మగపిల్లలను ఎక్కడో హాస్టళ్లలో చేర్చారు. మా మేనకోడలు అప్పటికి తమ్ముణ్ణి ఎత్తుకుని బర్రెల వెంట తిరుగుతున్నది, చిన్నపిల్లల పక్కన కూర్చోవడానికి సిగ్గుపడి మళ్లీ బడి గడప ఎక్కలేదు. పెళ్లయ్యాక మొగుడితోపాటు పటాన్‌చెరు చేరింది, మందుల ఫ్యాక్టరీలో డబ్బాలు సర్దే పనికి కుదిరి, ఏ డబ్బా ఎటు పోవాలో రంగు చూసి గుర్తుపట్టడం నేర్చుకుంది. పిల్లలను మాత్రం పట్టుబట్టి చదివించింది. నేనంటే ప్రాణం. పండగకూ పబ్బానికీ, జొన్నరొట్టెలో సర్వపిండో చేతిలో పట్టుకుని వస్తుంది, మామ పెద్ద ఆఫీసరు అని ఇరుగుపొరుగుకు చెబుతుంది.

పోయిన వారం ఆమే అడిగింది, టీవీలో ఆ ఎమ్మెల్యేలు ఏమడుగుతున్నారని. ముసలివాణ్ణి, పాత పని గుర్తుకొచ్చి హుషారెక్కింది. సర్కారును ఎమ్మెల్యే కాగితం మీద అడుగుతాడనీ, సర్కారు కాగితం మీదే చెప్పి తీరాలనీ, అలా అడిగితే ఊళ్లకు బళ్లు, రోడ్లు వచ్చాయనీ పాఠం చెప్పినట్టు చెప్పుకుపోయాను. ఆమె అంతా విని, చేతిలోని చిక్కుడుకాయ విరిచి గిన్నెలో వేసింది.

“అమ్మ గూడ అడిగె గదా మామా, నిన్ను.”

టీవీ గొంతు తగ్గించాను. పంతులు ఎక్కడికి వెళ్లాడని అడిగింది బిడ్డా, నేను సరిగా చెప్పలేదు అన్నాను.

“ఏడికి పోయిండో అమ్మకు ఎర్కనే మామా. సారు పోయేటప్పుడే జెప్పిండు, నీ ఆఫీసుకెల్లి కాయిదం వచ్చిందని. నువ్వే జెప్తవేమో అని అడిగింది.”

కోపంగా అనలేదు, ఎత్తిపొడుపుగానూ అనలేదు. ఎవరి పెళ్లికి ఎవరొచ్చారో చెప్పినట్టు చెప్పి, గిన్నె ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లింది. ఇన్నేళ్లూ తల్లీ కూతుళ్లు ఆ సంగతి కడుపులో పెట్టుకునే నాకు రొట్టెలు మోసుకొచ్చారు. అక్క పోయి చాలా కాలమైంది, చివరి రోజుల్లో ఎన్నిసార్లు మంచం పక్కన కూర్చున్నానో, ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు. చెప్పమని ఒక్కసారే అడిగింది. బస్సెక్కి, పిల్లను వెంటబెట్టుకుని, పనిగట్టుకుని సంగారెడ్డి దాకా వచ్చి అడిగింది. నేను సొంత అక్కకు కూడా ఆఫీసు జవాబే ఇచ్చాను.

ఇప్పుడు అక్క ఊరి పొలాల్లో అపార్టుమెంట్లు లేచాయి, ఆ గేట్ల ముందు పొద్దున్నే పసుపుపచ్చ స్కూలు బస్సులు బారులు తీరతాయి. ఎవరైనా ఇంట్లో కూర్చుని ఫోనులో సర్కారును నిలదీయవచ్చునట, మా మనవలు చేసి చూపించారు కూడా. అడిగే దారులు ఇన్ని వచ్చినందుకు సంతోషమే. అప్పట్లో ఒక్కటే దారి ఉండేది, అది తెలిసినవాణ్ణి నేను, దానికి అడ్డంగా కూర్చున్నవాణ్ణీ నేనే.

సాయంత్రం ఆమెను దింపడానికి బస్టాండు దాకా నడిచాను. దారి పొడుగునా క్షమించమని అడగబోయి, పిల్లల సంగతులే అడిగాను. బస్సు వచ్చి నిలబడగానే ఆమె సంచి చంకన పెట్టుకుని నా వైపు తిరిగింది.

“మామా, ఇది పటాన్‌చెరు పోతదా? జెర సదివి జెప్పు.”

బోర్డు చదివి చెప్పాను.