కోట ఊరూ, మా బొడ్రాయీ

ఫ్రాన్సు దక్షిణాన కార్కసోన్ అనే కోట ఊరు చూసి వచ్చానంటే, ఎంత అదృష్టమో అంటారు అందరూ. నాకు మాత్రం ఆ ఊరు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

2012లో శంషాబాద్ విమానాశ్రయంలో, విమానాలు బాగుచేసే కంపెనీలో పనిచేసేదాన్ని. భూమి పోయిన ఇంటికి దక్కిన ఉద్యోగం అది. మా ఊరు ఆ విమానాశ్రయం గోడ లోపలే ఉండేది. మమ్మల్ని తెచ్చి కాలనీలో పెట్టారు. వరుస ఇళ్లు, వీధి దీపాలు అన్నీ ఇచ్చారు. బొడ్రాయి ఒక్కటే లేదు.

ఊరి నడుమ నాటే రాయి అది, ఊరికి బొడ్డు. నాటాక పెకిలించకూడదు. గొడ్డూగోదా, తలుపులూ దూలాలూ మోసుకొచ్చిన మావాళ్లు దాన్ని మాత్రం ముట్టుకోలేదు. కాలనీలో కొత్తది నాటుదామంటే మా బాపు అడ్డం పడ్డాడు. ఏటా దానికి మొదటి బిందె నీళ్లు పోసే ఇల్లు మాది.

"పాతది బతికుండంగ కొత్తదేంది? ఒక్క ఊరికి రెండు బొడ్లుంటయా?" అన్నాడు.

బాపు బిందె ఎత్తుకొని గోడ దగ్గరికి పోతే కాపలావాళ్లు గేటు దాటనివ్వలేదు. లోపల పనిచేసే నాకే ఆ దిక్కు పోయే పాసు లేదు, ఇగ బాపుకెక్కడిది!

ఆ ఏడు కంపెనీ నన్ను శిక్షణకని ఫ్రాన్సులోని తులూజ్‌కు పంపింది. బయలుదేరుతుంటే బాపు ఒకటే అడిగాడు. "విమానంల కెల్లి జర చూడు బిడ్డా. చెరువు మలుపు కాడ చింతచెట్టు, దాని కిందనే ఉంటది. ఉందో లేదో చెప్తే సాలు." పోయేటప్పుడు కిటికీ సీటు దొరకలేదు.

అక్కడ ఒక ఆదివారం తోటివాళ్లు కోటకు తీసుకుపోయారు. రెండు వరసల గోడలు, మొనదేలిన టోపీల్లాంటి కప్పులున్న బురుజులు. గేటు బార్లా తెరిచి ఉంది, ఎవరమ్మా నువ్వని అడిగే నాథుడు లేడు. ఎక్కడి శంషాబాదో, నేను పోయి వాళ్ల ఊరి బావిలోకి తొంగి చూశాను. ఒక ముసలావిడ మేడ కిటికీలోంచి దుప్పటి దులుపుతోంది. ఆమె ఇల్లు ఆమె ఊళ్లోనే ఉంది. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది.

ఒకప్పుడు ప్రభుత్వమే ఈ గోడలను కూల్చమంటే ఊరివాళ్లు గొడవ చేసి ఆపారని గైడు చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పుండు మీద కారం చల్లినట్టయింది. మావాళ్లూ ధర్నాకు కూర్చున్నారు. పోలీసులొచ్చి టెంటు పీకి పారేశారు. వాళ్లవీ రాళ్లే, మాదీ రాయే.

"అలా ఉన్నారేంటండీ? ఫొటో దిగుదాం రండి," అంది మాతో వచ్చిన విజయవాడ అమ్మాయి. గోడ ముందు నిలబడి పళ్లికిలించాను. ఆ ఫొటో ఇంతవరకూ మళ్లీ చూడలేదు.

తిరుగు ప్రయాణంలో కిటికీ సీటు అడిగి తీసుకున్నాను. పొద్దున్నే శంషాబాద్‌లో దిగుతుంటే అద్దానికి ముఖం ఆనించాను. చెరువు మలుపు గుర్తుపట్టాను. చింతచెట్టు లేదు. ఆ చోటంతా చదును చేసి సిమెంటు పోశారు. పక్క సీటాయన బెల్టు విప్పుకుంటూ, ఎయిర్‌పోర్టు బ్రహ్మాండంగా కట్టారన్నాడు.

బాపు గడపలో కూర్చొని ఉన్నాడు. ఫ్రాన్సు ఎట్లుందని అడగలేదు.

"ఉందా?"

"లేదు బాపూ. సిమెంటు పోసిన్రు."

బాపు లేచి వాకిట్లో నల్లా దగ్గరికి పోయి, కట్టుబట్టలతోనే నెత్తిన నీళ్లు పోసుకున్నాడు. అయినవాళ్లు పోయారని కబురొస్తే మా ఇళ్లల్లో అట్లాగే చేస్తారు. తరవాత చెంబు నా చేతికిచ్చాడు.

"నువ్వు గూడ పోసుకో బిడ్డా," అన్నాడు.